పైలట్ల మానసిక ఆరోగ్యం, మద్యం, మందులు: అమెరికా పర్యవేక్షణలో న్యాయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో ఎఫ్‌ఏఏ, అంటే విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ, ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్ మీద ఎగిరే ఎయిర్‌లైన్ పైలట్ల గురించి. యూరప్ సంగతి అవసరమైన చోట మాత్రమే వస్తుంది. పైలట్లు, ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. మీ సొంత కేసు నడుస్తుంటే మాత్రం ఇది చదివి ఊరుకోకండి, ఏవియేషన్ లాయర్‌తోనో యూనియన్ ఏరోమెడికల్ డాక్టర్‌తోనో మాట్లాడండి.

డిప్రెషన్ ఉందని చెబితే లైసెన్స్ పోతుందా?

లైసెన్స్ పోదు. ఆగేది మెడికల్. ఈ రెండూ వేర్వేరు కాగితాలు, కానీ మెడికల్ లేకుండా ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో కూర్చోలేరు కాబట్టి పైలట్‌కి రెండూ ఒకటే అనిపిస్తాయి. కెప్టెన్‌గా ఎగరాలంటే ఫస్ట్ క్లాస్ మెడికల్ కావాలి, 40 ఏళ్లలోపు వాళ్లు 12 నెలలకోసారి, దాటినవాళ్లు 6 నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి. అంటే 45 ఏళ్ల కెప్టెన్ ఉద్యోగం ఏడాదికి రెండుసార్లు ఒక డాక్టర్ గదిలో తేలుతుంది.

నిబంధనల్లో 15 జబ్బుల జాబితా ఒకటుంది, అవి ఉన్నాయని తేలితే మామూలు మెడికల్ ఇవ్వరు. బైపోలార్, సైకోసిస్, మద్యానికో డ్రగ్స్‌కో బానిస కావడం అందులో ఉన్నాయి. డిప్రెషన్ ఆ 15లో లేదు. చాలామందికి ఈ విషయం తెలియదు. అయినా డిప్రెషన్ అని ఫారంలో టిక్ పెట్టగానే పరీక్ష చేసే డాక్టర్ చాలా కేసుల్లో సర్టిఫికెట్ అక్కడికక్కడ ఇవ్వకుండా ఫైలును ఎఫ్‌ఏఏకి పంపేస్తాడు. దాన్నే డిఫర్ చేయడం అంటారు. అక్కడి నుంచి రికార్డులు, సైకియాట్రిస్టు రిపోర్టు, కొన్నిసార్లు గంటల తరబడి సాగే న్యూరోసైకలాజికల్ పరీక్షలు, మళ్లీ ఇంకో ఉత్తరం, ఇంకో కాగితం. చివరికి స్పెషల్ ఇష్యూయెన్స్ అనే షరతులతో కూడిన మెడికల్ వస్తుంది. వస్తుంది అన్నమాట నిజమే, ఎప్పుడొస్తుందన్నది చెప్పేవాళ్లే ఉండరు. పైలట్‌ని కుంగదీసేది ఎక్కువగా ఆ ఎదురుచూపే.

పైలట్లు ఎందుకు దాస్తారు? అబద్ధం చెప్పడం తప్పు కదా?

తప్పే. ఫారంలో అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం, 5 ఏళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా అని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది. అంత పెద్ద హెచ్చరిక చూసి కూడా మనుషులు దాస్తున్నారంటే, నిజం చెప్పడానికి అయ్యే ఖర్చు వాళ్లకి ఎంత పెద్దదిగా కనిపిస్తోందో ఆలోచించాలి.

2022లో ప్రచురితమైన ఒక సర్వేలో 3,765 మంది అమెరికా పైలట్లు పాల్గొంటే, వాళ్లలో 56.1 శాతం మంది మెడికల్ పోతుందన్న భయంతో ఏదో ఒక రూపంలో వైద్యానికి దూరంగా ఉన్నామని చెప్పారు. కొందరు డాక్టర్ దగ్గరికే వెళ్లలేదు, కొందరు వెళ్లినా రికార్డులో పడకుండా చూసుకున్నారు, కొందరు ఫారంలో రాయలేదు. అంతకుముందు 2016లో హార్వర్డ్ పరిశోధకులు పేరు చెప్పనక్కర్లేని సర్వే ఒకటి చేశారు. డిప్రెషన్ ప్రశ్నలకి జవాబిచ్చిన దాదాపు 1,850 మందిలో 12.6 శాతం మంది డిప్రెషన్ గీత దాటారు, 4.1 శాతం మందికి గడిచిన రెండు వారాల్లో చావు ఆలోచనలు వచ్చాయి. పేరు అడగకపోతే నిజం బయటికొచ్చింది. పేరు అడిగే ఫారంలో రాదు. ఎయిర్‌లైన్ పైలట్లకి మానసిక సమస్యలు రావనుకునేవాళ్లు ఈ రెండు సర్వేలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

2023లో ఇంకో సంగతి బయటపడింది. మాజీ సైనికులైన దాదాపు 4,800 మంది పైలట్లు మాజీ సైనికుల శాఖ నుంచి వైకల్య భత్యం తీసుకుంటూ, ఆ భత్యానికి కారణమైన జబ్బుల్ని ఎఫ్‌ఏఏకి చెప్పలేదేమోనని విచారణ జరిగింది. అందులో డబ్బు కోసం చేసినవాళ్లు ఉండొచ్చు. అయితే ఒకే మనిషి ఒక ప్రభుత్వ శాఖకి జబ్బు గురించి చెప్పి ఇంకో శాఖకి దాచాడంటే, మొదటిచోట చెబితే సాయం దొరికింది, రెండోచోట చెబితే జీతం ఆగుతుంది అన్న లెక్క కూడా అందులో ఉంది.

జర్మన్‌వింగ్స్ ప్రమాదం చూశాక కూడా పైలట్ల మీద జాలి ఎందుకు? ఇంకా కఠినంగా ఉండాలి కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లని నేను తప్పుపట్టను. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ అనే జర్మనీ ఎయిర్‌లైన్ కో-పైలట్ కావాలనే విమానాన్ని ఆల్ప్స్ పర్వతాల్లోకి దించేశాడు, 150 మంది పోయారు. వాళ్ల కుటుంబాల ముందు నిలబడి పైలట్ల హక్కుల గురించి మాట్లాడాలంటే మాటలు ఆచితూచి వాడాలి.

అయితే ఆ ప్రమాదాన్ని విచారించిన ఫ్రాన్స్ సంస్థ 2016లో ఇచ్చిన రిపోర్టు చదవండి. అతను చాలామంది డాక్టర్ల దగ్గరికి వెళ్లాడు, వాళ్లిచ్చిన సెలవు కాగితాలు కంపెనీకి చూపించలేదు. ఎగిరే అర్హత పోతే ఆదాయం ఏమవుతుందన్న భయం కూడా అతను బయటపడకపోవడానికి కారణాల్లో ఒకటిగా ఆ రిపోర్టు పేర్కొంది. అందుకే వాళ్ల సిఫార్సుల్లో శిక్షలు పెంచమని లేదు. తోటి పైలట్ల సహాయ బృందాలు పెట్టమని, మెడికల్ పోతే ఆర్థికంగా కూలిపోకుండా చూడమని ఉంది. యూరప్ ఆ మాట విని, ప్రతి ఎయిర్‌లైన్‌లో తోటివారి సహాయ కార్యక్రమం ఉండాలన్న నిబంధన తెచ్చింది, అది 2021 ఫిబ్రవరి 14 నుంచి అమల్లో ఉంది.

2023 అక్టోబర్ 22న అమెరికాలో జరిగింది కూడా ఇలాంటిదే. డ్యూటీలో లేని పైలట్ ఒకతను హొరైజన్ ఎయిర్ విమానం కాక్‌పిట్‌లో అదనపు సీట్లో కూర్చుని, ఇంజన్లకి ఇంధనం ఆపేసే హ్యాండిళ్లు లాగబోయాడు. సిబ్బంది అడ్డుకోవడంతో విమానంలోని వాళ్లంతా బతికారు. అతను అంతకు రెండు రోజుల ముందు మత్తు పుట్టగొడుగులు తిన్నాడు. చాలాకాలంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నాడు, మందులు మొదలుపెడితే విమానాలకి దూరం చేస్తారన్న భయం అతనికి ఉంది. అతను చేసింది సమర్థించలేం. కానీ చికిత్స తీసుకుంటున్న పైలట్ గురించి ఎఫ్‌ఏఏకి అన్నీ తెలుస్తాయి, దాచుకున్న పైలట్ గురించి ఏమీ తెలియదు. కఠినత్వం పెంచితే రెండో రకం వాళ్లు పెరుగుతారు. భద్రత కావాలనుకునేవాళ్లు అందుకే న్యాయమైన పద్ధతి కోరుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఏ మందులు వాడుతూ ఎగరొచ్చు?

2010 ఏప్రిల్ వరకు ఏ యాంటీ డిప్రెసెంట్ వాడినా ఎగరకూడదు. ఆ నెలలో ఎఫ్‌ఏఏ నాలుగింటికి అనుమతి ఇచ్చింది: ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలీన్, సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్. మొదట్లో మందు మీద కనీసం 12 నెలలు నిలకడగా ఉండాలన్నారు, తర్వాత ఆ గడువు బాగా తగ్గింది, మందుల జాబితా కూడా పెరిగింది. మీ మందు అందులో ఉందో లేదో ఏఎంఈ, అంటే ఏవియేషన్ మెడికల్ ఎగ్జామినర్‌ని ఇప్పటి గైడ్ చూసి చెప్పమనండి, పాత సమాచారం నమ్మకండి.

2010లో జరిగిన ఇంకో మంచి పని చాలామందికి గుర్తులేదు. అప్పటిదాకా దాచినవాళ్లు ఆరు నెలల్లోపు ముందుకొచ్చి చెబితే చర్య తీసుకోబోమని ఎఫ్‌ఏఏ మాటిచ్చింది. ఆ కిటికీ మూసేశారు. మళ్లీ తెరవాలి.

కౌన్సెలింగ్‌కి వెళ్తే ఫారంలో రాయాలా?

మెడికల్ దరఖాస్తులో గత 3 ఏళ్లలో ఏ వైద్య నిపుణుల దగ్గరికి వెళ్లారో రాయమనే ప్రశ్న ఉంటుంది. కంపెనీ నడిపే ఉద్యోగుల సహాయ కార్యక్రమంలో మాట్లాడినవి మామూలుగా రాయనక్కర్లేదు, అయితే అవి మీ మద్యం లేదా డ్రగ్స్ సమస్య గురించి అయినా, అక్కడి నుంచి మిమ్మల్ని సైకియాట్రీ చికిత్సకి పంపినా రాయాలి. బయట థెరపిస్టు దగ్గర తీసుకున్న కౌన్సెలింగ్ మీ మద్యం, డ్రగ్స్ సమస్యకో మానసిక జబ్బుకో సంబంధించినదైతే రాయాలి.

రాసినంత మాత్రాన అంతా అయిపోదు. విడాకులో, ఇంట్లో చావో జరిగినప్పుడు కొన్నాళ్లు థెరపీ తీసుకుని బాగుపడిన కేసుల్లో ఏఎంఈ అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చే వీలు ఇప్పుడు పెరిగింది. తోటి పైలట్ల సహాయ బృందంతో మాట్లాడటం వైద్యం కిందికి రాదు, కాబట్టి ఫారంలో చోటే లేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల యూనియన్ నడిపే ప్రాజెక్ట్ వింగ్‌మ్యాన్ లాంటివి, చాలా ఎయిర్‌లైన్ల పైలట్లున్న ఆల్పా యూనియన్ నడిపే సహాయ లైన్ అందుకే పనిచేస్తున్నాయి. అవతల ఫోనెత్తేది పైలటే, అర్ధరాత్రి హోటల్ గదిలో ఒంటరితనం ఎలా ఉంటుందో అతనికి వేరేగా చెప్పక్కర్లేదు.

హిమ్స్ అంటే ఏమిటి?

మద్యం లేదా డ్రగ్స్ సమస్య ఉన్న పైలట్లకి చికిత్స చేయించి, నిఘాలో ఉంచి, మళ్లీ కాక్‌పిట్‌కి చేర్చే కార్యక్రమం. 1970ల్లో మొదలైంది. యూనియన్, కంపెనీ, ఎఫ్‌ఏఏ ముగ్గురూ కలిసి నడుపుతారు. సాధారణంగా నెల రోజులు ఆస్పత్రిలో ఉండి చికిత్స, తర్వాత వారం వారం గ్రూపు మీటింగులు, శిక్షణ పొందిన ఏఎంఈ పర్యవేక్షణ, సైకియాట్రిస్టు, న్యూరోసైకాలజిస్టు రిపోర్టులు, ఒక తోటి పైలట్, ఒక చీఫ్ పైలట్ నెలనెలా ఇచ్చే రిపోర్టు, ఎప్పుడు పిలుస్తారో తెలియని టెస్టులు. మామూలు నిబంధన ప్రకారం రెండేళ్లు పూర్తిగా మానేశాకే అర్హత వస్తుంది. హిమ్స్ ద్వారా అయితే అంతకన్నా చాలా ముందే షరతులతో ఎగరొచ్చు.

ఈ కార్యక్రమం ప్రాణాలు నిలబెట్టింది, అందులో నాకు సందేహం లేదు. 1990 మార్చిలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ కాక్‌పిట్ సిబ్బంది ముగ్గురూ తాగి ప్రయాణికులతో ఫార్గో నుంచి మినియాపొలిస్‌కి ఎగిరి పట్టుబడ్డారు. ముగ్గురూ జైలుకెళ్లారు. వాళ్లలో కెప్టెన్ మద్యం పూర్తిగా మానేసి, లైసెన్సులన్నీ మొదటి నుంచి మళ్లీ సంపాదించుకుని, అదే కంపెనీలో ఉద్యోగం తిరిగి తెచ్చుకుని, చివరికి 747 కెప్టెన్‌గా రిటైర్ అయ్యాడు. 2001లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. ఒకసారి పడ్డవాడు లేవగలడని ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

మరి హిమ్స్‌లో అన్యాయం ఎక్కడుంది?

మొదటిది, ఎవరిని అందులోకి తోస్తున్నారన్నది. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వైద్యులు వాడే డీఎస్‌ఎం-5 పుస్తకం ప్రకారం మద్యం సమస్య ఉందని చెప్పాలంటే 11 లక్షణాల్లో కనీసం రెండు, 12 నెలల వ్యవధిలో కనిపించాలి. ఎఫ్‌ఏఏ నిర్వచనం వేరు. తట్టుకునే శక్తి పెరగడం, మానేస్తే ఒంట్లో బాధలు, అదుపు తప్పడం, నష్టం జరుగుతున్నా ఆపకపోవడం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చాలు, బానిస అని తేల్చేయొచ్చు. అలా ఒకసారి తాగి కారు నడిపి పట్టుబడ్డ పైలట్ రక్తంలో మద్యం ఎక్కువగా ఉందనుకోండి, అంత తాగి కూడా నిలబడ్డాడంటే తట్టుకునే శక్తి పెరిగినట్టే అని ఒక డాక్టర్ రాస్తే, బయట ఏ డాక్టరూ జబ్బు అనని మనిషికి కెరీర్ మొత్తం వెంటాడే ముద్ర పడిపోవచ్చు. విమానాల విషయంలో గీత కాస్త ముందే గీయాలి, నిజమే. గీత ముందుకు జరిపినప్పుడు రెండో అభిప్రాయం తీసుకునే దారి కూడా అంతే వెడల్పుగా ఉండాలి, అది లేదు.

రెండోది, ఎన్నాళ్లు? మొదట్లో కొన్నేళ్లు గట్టి నిఘా అవసరమే. పదేళ్లు చుక్క ముట్టని మనిషికి, తొలి నెలల్లో ఉన్న మనిషికి తేడా ఉండాలి కదా. దశలవారీగా తగ్గించే పద్ధతి వచ్చింది, కానీ ముగింపు ఎప్పుడన్నది మొదటి రోజే రాతపూర్వకంగా చేతికి రావాలి.

మూడోది డబ్బు. కొన్ని పరీక్షలకి ఇన్సూరెన్స్ ఇవ్వదు. పెద్ద ఎయిర్‌లైన్ కెప్టెన్ తట్టుకుంటాడు, చిన్న ప్రాంతీయ కంపెనీలో కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్, అప్పు చేసి ట్రైనింగ్ పూర్తి చేసినవాడు, ఎక్కడి నుంచి తెస్తాడు? యూనియన్ లేని కంపెనీలో అయితే అడిగే దిక్కే ఉండదు.

నాలుగోది, లెక్కలు. హిమ్స్ విజయాల గురించి పెద్ద పెద్ద శాతాలు వింటుంటాం. అమెరికా జాతీయ అకాడమీల కమిటీ 2023లో దీన్ని పరిశీలించింది, బయటివాళ్లు స్వతంత్రంగా తేల్చుకోవడానికి కావలసిన డేటా ఆ కమిటీకి అందలేదు. పైలట్ నుంచి పూర్తి పారదర్శకత కోరే కార్యక్రమం, తన లెక్కలు కూడా పేర్లు తీసేసి బయటపెట్టాలి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది.

టెస్ట్ పాజిటివ్ వస్తే తాగినట్టేనా?

ఏ టెస్టన్నదాన్ని బట్టి. డ్యూటీకి ముందు చేసే ఊపిరి పరీక్షలో 0.04 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అందులో వాదన తక్కువ. తాగి 8 గంటలు దాటకుండా ఎగరకూడదన్నది చట్టం, కంపెనీల నియమాలు ఇంకా కఠినం.

నిఘాలో ఉన్నవాళ్లకి చేసే టెస్టులు వేరు. మూత్రంలో చూసే ఈటీజీ టెస్ట్ చాలా సున్నితమైంది, మద్యం తాగాక రెండు మూడు రోజుల దాకా పట్టేస్తుంది. మౌత్‌వాష్, చేతులకి రాసుకునే శానిటైజర్ వల్ల కూడా చిన్న మోతాదులో పాజిటివ్ రావచ్చు. అందుకే ఆ ఒక్క టెస్ట్ మీద ఆధారపడి ఎవరి మీదా చర్య తీసుకోవద్దని అమెరికా ప్రభుత్వ సంస్థ సంసా 2006లోనే హెచ్చరించింది. రక్తంలో చూసే పెత్ టెస్ట్ వారాల వెనక్కి చూస్తుంది, దాన్ని కూడా మిగతా సమాచారంతో కలిపి చదవాలి. అలాంటి ఫలితం వచ్చినప్పుడు రెండో నమూనా, వేరే ల్యాబ్, పైలట్ మాట వినడం, ఈ మూడూ లేకుండా రీలాప్స్, అంటే మళ్లీ తాగాడు, అని రాసేయడం తప్పు.

రవాణా శాఖ నిబంధనల కింద చేసే డ్రగ్ టెస్ట్‌లో మీకో గట్టి హక్కు ఉంది. ఫలితం మీకు చెప్పినప్పటి నుంచి 72 గంటల్లోపు రెండో సీసాని వేరే ల్యాబ్‌లో పరీక్షించమని అడగొచ్చు. షాక్‌లో ఉండి చాలామంది ఈ గడువు దాటేస్తారు. ముందు ఆ మాట అడగండి, ఏడుపు తర్వాత.

కారు తాగి నడిపి పట్టుబడితే?

శిక్ష పడినా, డ్రైవింగ్ లైసెన్స్ ఆపేసినా 60 రోజుల్లోపు ఎఫ్‌ఏఏ భద్రతా విభాగానికి రాతపూర్వకంగా చెప్పాలి. తర్వాతి మెడికల్ ఫారంలో కూడా రాయాలి. ఒకచోట చెప్పి ఇంకోచోట వదిలేస్తే అది ఇంకో నేరం. రక్తంలో 0.15 లేదా ఎక్కువ వచ్చినా, టెస్ట్‌కి ఒప్పుకోకపోయినా ఫైలు ఎఫ్‌ఏఏకి వెళ్తుంది, మద్యం సమస్య మీద నిపుణుల పరీక్ష అడుగుతారు. ఆ పరీక్షకి వెళ్లేముందు లాయర్‌తో మాట్లాడండి. అక్కడ మీరు చెప్పే ప్రతి మాటా ఫైలులో పడుతుంది.

ఏఏ మీటింగులకి వెళ్లడం తప్పనిసరా? మా నమ్మకం వేరు.

చాలా కంపెనీలు ఏఏ, అంటే మద్యం మానేయాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపు, మీటింగులే కావాలంటాయి, అందులో దేవుడి ప్రస్తావన ఉంటుంది. బౌద్ధుడైన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకరు తన నమ్మకానికి తగ్గ వేరే గ్రూపుకి వెళ్తానంటే కంపెనీ ఒప్పుకోలేదు, అలా అతనికి మెడికల్ తిరిగి వచ్చే దారి మూసుకుపోయింది. సమాన ఉపాధి అవకాశాల కమిషన్ కోర్టుకెళ్లింది. 2022లో కంపెనీ 3,05,000 డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చింది, మత కారణాల మీద వేరే గ్రూపు కోరేవాళ్లకి వీలు కల్పిస్తానని ఒప్పుకుంది. కాబట్టి అడగండి, రాతపూర్వకంగా అడగండి, మానేసి కూర్చోకండి. అడగకుండా మీటింగులు మానేస్తే సహకరించలేదని రాస్తారు.

కంపెనీ కక్షతో మానసిక పరీక్షకి పంపితే?

ఇది ఊహ కాదు, జరిగింది. 2016లో డెల్టా పైలట్ ఒకామె కంపెనీ భద్రతా లోపాల మీద పై అధికారులకి పెద్ద రిపోర్టు ఇచ్చింది. కొన్నాళ్లకి ఆమెని మానసిక పరీక్షకి పంపారు. కంపెనీ ఎంచుకున్న డాక్టర్ బైపోలార్ అన్నాడు. పైన చెప్పిన 15 జబ్బుల్లో అదొకటి, అంటే కెరీర్ అక్కడితో సరి. ఆమె మేయో క్లినిక్‌కి వెళ్లింది, అక్కడి వైద్య బృందం బైపోలార్ లేదంది, ఆ తర్వాత చూసిన మూడో డాక్టర్ కూడా అదే చెప్పాడు. 2020 డిసెంబరులో కార్మిక శాఖ న్యాయమూర్తి ఇది ప్రతీకార చర్యేనని తేల్చి, 5,00,000 డాలర్ల పరిహారం ఇవ్వమన్నాడు.

గెలిచింది. ఆ గెలుపుకి దాదాపు ఐదేళ్లు పట్టింది. యూనియన్ ఒప్పందంలో రెండో డాక్టర్‌కి, మూడో డాక్టర్‌కి దారి ఉండబట్టే ఆమె కాక్‌పిట్‌కి తిరిగి రాగలిగింది, ఆ దారి లేని కంపెనీల్లో ఒక్క డాక్టర్ రాతే ఆఖరి మాట అయ్యేది. ఇలాంటి పరిస్థితి వస్తే 2000లో వచ్చిన ఎయిర్21 చట్టం కింద 90 రోజుల్లోపు కార్మిక శాఖకి ఫిర్యాదు చేయాలి. 90 రోజులు చాలా తక్కువ. మీరిచ్చిన ప్రతి భద్రతా రిపోర్టు తేదీతో సహా కాపీ ఇంట్లో ఉంచుకోండి.

మెడికల్ ఇవ్వబోమంటే అప్పీల్ ఉందా?

ఉంది, కానీ రెండు దారులు, రెండూ కలిపేసుకోకూడదు. ఏఎంఈ తిరస్కరిస్తే 30 రోజుల్లోపు ఫెడరల్ ఎయిర్ సర్జన్‌ని పునఃపరిశీలన అడగాలి. అక్కడ కూడా తుది తిరస్కరణ వస్తే 60 రోజుల్లోపు ఎన్‌టీఎస్‌బీకి, అంటే జాతీయ రవాణా భద్రతా బోర్డుకి, వెళ్లొచ్చు, అక్కడ ఒక న్యాయమూర్తి వింటాడు.

స్పెషల్ ఇష్యూయెన్స్ విషయంలో మాత్రం ఎన్‌టీఎస్‌బీకి అధికారం లేదు. అది ఎఫ్‌ఏఏ ఇష్టం మీద ఇచ్చేది. ఇచ్చాక వెనక్కి తీసుకుంటే 60 రోజుల్లోపు సమీక్ష కోరవచ్చు, కానీ ఆ సమీక్ష చేసేది కూడా ఫెడరల్ ఎయిర్ సర్జనే. తీసుకున్నవాళ్లే మళ్లీ చూస్తారు. హిమ్స్‌లో ఉన్న పైలట్లందరూ, మందులు వాడుతున్న పైలట్లందరూ ఈ కాగితం మీదే బతుకుతున్నారు. అత్యంత బలహీన స్థితిలో ఉన్నవాళ్లకే బయటి వినికిడి లేకపోవడం ఈ మొత్తం వ్యవస్థలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. ఇక్కడ స్వతంత్ర వైద్యుల సమీక్ష ఒకటి పెడితే విమానాల భద్రతకి ఏ లోటూ రాదు.

జీతం సంగతి?

కంపెనీ ఒప్పందాన్ని బట్టి. ముందు సిక్ లీవ్, తర్వాత దీర్ఘకాల వైకల్య ఇన్సూరెన్స్. కొన్ని పాలసీలు మానసిక జబ్బులకి, మద్యం సమస్యకి ఇచ్చే కాలాన్ని కుదిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ పాలసీలో ఆ పేజీ చదవండి.

ట్రైనింగ్‌లో ఉన్న మా అబ్బాయి దిగులుగా ఉంటున్నాడు. ఇప్పుడే డాక్టర్‌కి చూపిస్తే కెరీర్ మొదలవకుండానే పోతుందా?

పోదు. ఆలస్యం కావచ్చు. ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే, ముందు పిల్లాడిని చూసుకోండి.

2021లో నార్త్ డకోటా విశ్వవిద్యాలయంలో విమాన శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. సాయం అడిగితే పైలట్ కాలేనన్న భయంతో ఎవరికీ చెప్పలేకపోయాడు. అతని తల్లిదండ్రులు అప్పటి నుంచి ఈ నిబంధనలు మార్చమని తిరుగుతూనే ఉన్నారు. ఆ వయసులో మెడికల్ ఒక ఏడాది ఆగితే ప్రపంచం మునిగిపోయినట్టు ఉంటుంది, ఆ ఏడాది తర్వాత 40 ఏళ్ల కెరీర్ ఉందని పక్కన కూర్చుని చెప్పే పెద్దవాళ్లు కావాలి. చదువుకునే చోట, ఇన్‌స్ట్రక్టర్లలో, అలాంటి ఒక్కరైనా ఉన్నారేమో కనుక్కోండి.

నాతో ఎగిరే కెప్టెన్ దగ్గర మద్యం వాసన వచ్చింది. ఏం చేయాలి?

ఆ విమానం కదలకూడదు. ముందు ఆయనతోనే నేరుగా, నెమ్మదిగా చెప్పండి, ఒంట్లో బాలేదని తప్పుకోమనండి. వినకపోతే చీఫ్ పైలట్‌కి చెప్పండి. తర్వాత యూనియన్ హిమ్స్ కమిటీకి ఫోన్ చేయండి. టెస్ట్‌లో పట్టుబడకముందే తనంతట తాను ముందుకొచ్చినవాడికి, పట్టుబడ్డవాడికి తర్వాత దొరికే దారిలో చాలా తేడా ఉంటుంది. మౌనంగా ఉంటే స్నేహం నిలుస్తుందనుకుంటాం, ఆ మౌనంలో ఆయన ఉద్యోగం, ప్రయాణికుల ప్రాణాలు, మీ సర్టిఫికెట్ అన్నీ ఉన్నాయి.

ఏమైనా మారుతోందా?

మారుతోంది, నిదానంగా. 2023 డిసెంబరులో ఎన్‌టీఎస్‌బీ పైలట్ల మానసిక ఆరోగ్యం మీద బహిరంగ సమావేశం పెట్టింది. అదే నెలలో ఎఫ్‌ఏఏ నియమించిన కమిటీ 2024 ఏప్రిల్‌లో 24 సిఫార్సులు ఇచ్చింది. థెరపీకి మాత్రమే వెళ్లేవాళ్లని ఫారంలో రాయించి భయపెట్టకుండా ఉండే మార్గం, గతంలో దాచినవాళ్లు చెప్పుకోవడానికి శిక్ష లేని దారి, తోటివారి సహాయ బృందాలకి బలం, వీటన్నిటి గురించి అందులో ఉంది. 2025 సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఈ విషయం మీదే ఒక బిల్లు ఆమోదించింది. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. నేను చూసేది మాత్రం ఒక్కదాన్నే: ఫైలు పంపిన పైలట్‌కి ఎన్ని రోజుల్లో జవాబు వస్తోంది, ఆ జవాబులో కారణం అర్థమయ్యేలా రాసి ఉందా లేదా. సిఫార్సులు 24 ఉన్నా 240 ఉన్నా, ఉత్తరం కోసం నెలల తరబడి మెయిల్ బాక్స్ చూసుకునే మనిషికి తేడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలి. ఇది రికార్డులో పడుతుందా?

బతకాలని లేదనిపిస్తుంటే రికార్డు గురించి ఆలోచించకండి, అమెరికాలో ఉంటే 988కి ఫోన్ చేయండి, ఏ వేళైనా ఎత్తుతారు. అంత దూరం రాకపోయినా నిద్ర పట్టడం లేదు, డ్యూటీకి వెళ్లాలంటే గుండె దడగా ఉంది, టెన్షన్ తగ్గడానికి రోజూ తాగాల్సి వస్తోంది అనుకుంటే, ఈ రాత్రికే మీ యూనియన్ తోటి పైలట్ల లైన్‌కి ఫోన్ చేయండి. రేపటి ఫ్లైట్‌కి ఒంట్లో బాలేదని చెప్పండి, అది మీ హక్కే కాదు, అర్హత లేని స్థితిలో ఎగరకూడదన్న నిబంధన ప్రకారం మీ బాధ్యత కూడా, కారణం వివరించనక్కర్లేదు. ఫారం, ఏఎంఈ, లాయర్, ఇవన్నీ వచ్చేవారం సంగతులు. వాటిల్లో ఏది ముందో ఏది తర్వాతో ఆ లైన్‌లో మాట్లాడే పైలట్‌కి తెలుసు, అడగండి.